రంగు: ఒక్కటే ఎంచుకోండి

కరెంటు పోయిన మాపటేల
పోచమ్మమైదాన్ ఫోటో స్టూడియో ఖాజా వచ్చిండు
లాప్‌టాప్ సంకల పెట్టుకొని.
సగం బ్యాటరే ఉన్నదక్కా, జల్ది చెప్పు,
దుకాణం యాడ పెడదాం?

గుంటమగ్గంల కాళ్లు దించి కూసున్న నాగభూషణం
పంజ కొట్టుడు ఆపలే.
ఆయన మగ్గానికి కరెంటుతోని పనిలేదు,
దుకాణంతోని అసలే లేదంటడు.

పెద్ద బజార్ల పెడితే
లక్ష అంగళ్ల నడుమ మనకొక అర ఇస్తరట,
నూటికి పద్దెనిమిది వాళ్లకే.
వినంగనే మా మామ యాదికొచ్చిండు,
మండిబజార్ సేటు ముందట జంపఖాన పరిచి
చేతులు కట్టుకొని నిలబడ్డ మనిషి.
సేటు మునివేళ్లతోని తడిమి తడిమి
యాడనో ఒక ముడి దొరకబట్టి
ఐదు రూపాయలు తెంపుతుండె.
కోపమొస్తే మామ చాయ్ తాగకుంట వస్తుండె,
తెల్లారి సేటే మనిషిని పంపుతుండె.
ఈ పద్దెనిమిది తెంపేటోనికి మొఖం లేదు,
ఎవని చాయ్ వద్దనాలె?

మన సొంత పేజీ అయితే
నెలకింత కిరాయి, పేరు మాత్రం మనదే.
"ఆడెపు కౌసల్య, జంపఖానలు, కొత్తవాడ"
అని కొట్టి చూపెట్టిండు.
రేషన్ కార్డు మీద తప్ప
నా పేరు అచ్చుల యాడ చూసిన్ననా అని చానాసేపు చూసిన.
మంచిగనే ఉన్నది గని,
ఆ గల్లీలకు ఎవరొస్తరు ఖాజా?
వాడు తల గోక్కున్నడు.

ఫోన్ల ఫోటోలు పెట్టుడు ఆర్నెల్లు చేసి చూసినం.
నిజామాబాద్ నుంచి ఒకాయన
రోజూ పొద్దుగాల గులాబీ పువ్వు పంపుతడు,
శుభోదయం అంటడు,
లాస్ట్ ఎంత అంటడు.
ఇప్పటిదాంక ఒక్క పోగు కొనలే.

సరే, పెద్ద బజార్ ఫారమే నింపుదామన్నడు.
రంగు: ఒక్కటే ఎంచుకోండి.
గోడకు ఆనిచ్చిన చుట్టను విప్పి
టార్చిలైటు పెట్టి లెక్కబెట్టిన.
పదకొండు.
నీలిలనే మూడు తీర్లు:
సోమవారం తొట్టిది, గురువారం తొట్టిది,
వాన పడి సగమే ఆరినది.
ఖాజా "మల్టీకలర్" అని కొట్టిండు.
అది రంగు కాదురా అన్న.

వాపస్ గడువు ఏడు రోజులు.
నేసుడు తొమ్మిది రోజులు.

సరుకెంత?
ఒకటి.
ఒకటేనా అక్కా?
అది అమ్ముడుపోతే ఏం చూపెడ్తది?
"అయిపోయింది" అని చూపెడ్తది.

అప్పుడు ఆగింది పంజ.
గుంటలకెల్లి తల ఎత్తకుంటనే
"అయిపోయిందని రాయకుండ్రి,
నేస్తున్నరని రాయుండ్రి" అన్నడు.

ఖాజా కిందికి మీదికి వెతికిండు.
పెద్ద బజార్ల అన్ని గడులున్నయి,
ఆ గడి లేదు.
సొంత పేజీల అయితే పెట్టుకోవచ్చన్నడు మెల్లగ,
బ్యాటరీ ఎర్రగయినంక.

గట్ల తేలింది.
తెలివో తక్కువతనమో నాకిప్పటికీ తెల్వది.
చిన్న ఆసనాలు మాత్రం పెద్ద బజార్లనే పడేసినం,
నూలు బాకీ ఆగదు గదా.

మూడు వారాలు ఈగ వాలలే.
దునియా అంతట కనబడ్తదన్న దుకాణానికి
మొదటి బేరం నక్కలగుట్ట నుంచి,
ఆటోల పోయేంత దూరం.
మా గల్లీ ముందటికెల్లే బ్యాంకుకు పోతదట ఆమె.
ఇన్నేండ్ల సంది ఆ చప్పుడు విని
ఎవరో పప్పు దంచుతున్నరనుకున్నదట.

ఇప్పుడు రోజూ మునిమాపుకు
నాగభూషణం జాన పెట్టి కొలుస్తడు,
నేను పేజీల రాస్త.
నేస్తున్నం, నాలుగు జానలయింది.
నేస్తున్నం, ఐదున్నర.

నిన్న కరెంటు లేక రాయలే.
తెల్లారకముందే ఆమె ఫోను:
"ఆగిందా?"
ఏమనలే నేను,
ఫోన్ మగ్గం దిక్కు తిప్పి పట్టుకున్న.